పేరొకటి, ప్లేటులో వచ్చేది ఇంకొకటి

ప్రశ్న: మా అబ్బాయి చదువు కోసం ఇంగ్లండ్ వెళ్తున్నాడు. గుడ్లు, పాలు తీసుకుంటాడు గానీ మాంసం, చేపలు ముట్టడు. అక్కడి మెనూల్లో మిన్స్‌మీట్, జెల్లీ, రకరకాల పుడింగ్‌లు కనిపిస్తున్నాయి. ఏది తినొచ్చో తెలీక ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నాం.

జవాబు: ముందు పుడింగ్ సంగతి చెప్తాను, ఎక్కువమంది తికమకపడేది అక్కడే. బ్రిటన్‌లో భోజనం చివర వచ్చే తీపి ఏదైనా పుడింగే, కానీ పొద్దున్న టిఫిన్ ప్లేటులో నల్లటి బిళ్లల్లా కనిపించే బ్లాక్ పుడింగ్ మాత్రం పంది రక్తం, కొవ్వు, ఓట్స్ లేదా బార్లీ కలిపి చేసింది, దాని జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. యార్క్‌షైర్ పుడింగ్ తీపి కాదు, అందులో మాంసమూ ఉండదు. మైదా, గుడ్లు, పాలు కలిపిన జారుపిండిని ఓవెన్‌లో పొంగిస్తారు. అయితే పాత పద్ధతిలో ఆ పిండిని పోసేది బాగా కాగిన గొడ్డు కొవ్వులో, కాబట్టి ఏ నూనె వాడారో అడిగే తినాలి.

మిన్స్‌మీట్‌లో ఈ రోజుల్లో మాంసం వేయరు, ఎండుద్రాక్ష, ఆపిల్, పంచదార, మసాలా దినుసులే. కానీ చాలావాటిలో సూయెట్ కలుపుతారు, అది పశువుల కిడ్నీల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. శాకాహార సూయెట్‌తో చేసినవీ దొరుకుతాయి, సీసా మీద రాసి ఉంటుంది. ఉత్త ‘మిన్స్’ అని ఉంటే మాత్రం అది మామూలుగా ఖీమానే.

అక్కడ జెల్లీ అంటే కదిలిస్తే ఊగే తీపి, దాన్ని గడ్డకట్టించేది ఎక్కువగా జెలటిన్, దాన్ని పంది, పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. అదే మాట అమెరికాలో అంటే పండ్లరసంతో చేసి బ్రెడ్డుకి రాసుకునేది, అందులో గడ్డకట్టించేది పండ్లలోని పెక్టిన్. అందుకే ఒక దేశంలో తిన్నాం కదా అని ఇంకో దేశంలో అడక్కుండా తినకూడదు.

పేరు చూస్తే అనుమానమే రానివి ఇంకొన్ని ఉన్నాయి, నాకు వీటి గురించే ఎక్కువ భయం. స్వీట్‌బ్రెడ్ అంటే దూడ లేదా గొర్రెపిల్ల గ్రంథులు. హెడ్ చీజ్ అని అమెరికాలో అమ్మేది పంది తల మాంసం, చీజ్ ఏమీ ఉండదు. ఊస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజానో చీజ్‌లో పాలు విరిగించడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. డబ్బా వెనక పదార్థాల జాబితా చదవడం మీ అబ్బాయికి బయల్దేరే ముందే అలవాటు చేయండి.

ప్రశ్న: ఉండేది అమెరికాలో. ఇంగ్లండ్ వంటల పుస్తకంలో చెప్పినట్టే కార్న్‌ఫ్లోర్ కొని వేశాను, సాస్ పసుప్పచ్చగా, గరుకుగా వచ్చింది. ఎక్కడ తేడా జరిగింది?

జవాబు: మీ చేతి వంటలో తేడా లేదండీ. బ్రిటన్‌లో కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న నుంచి విడిగా తీసిన తెల్లటి గంజిపొడి, దాన్ని అమెరికాలో కార్న్‌స్టార్చ్ అంటారు. మీరు కొన్నది గింజను ఎండబెట్టి మెత్తగా విసిరిన పిండి, అది సాస్‌లో అంత నున్నగా కలవదు. కొలతల్లోనూ చూసుకోండి: బ్రిటన్, అమెరికాల్లో టేబుల్‌స్పూన్ దాదాపు 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20, అంటే వాళ్ల పుస్తకంలో మూడు చెంచాలంటే మీకు నాలుగు పడుతుంది. బ్రిటిష్ పింట్ 568 మిల్లీలీటర్లయితే అమెరికాది 473. గ్రాముల్లో రాసిన పుస్తకం దొరికితే అదే కొనుక్కోండి.

ప్రశ్న: ఇటలీలో పెపరోని పిజ్జా అడిగితే క్యాప్సికమ్ వేసి తెచ్చారు. మోసమా?

జవాబు: కాదు, అడిగిందే తెచ్చారు. ఇటాలియన్‌లో పెపరోని అంటే క్యాప్సికమ్. ఆ పేరుతో కారం మాంసం ముక్కలు అమ్మడం అమెరికాలో మొదలైంది. ఇటలీలో ‘లాటె’ అని మాత్రమే అడిగినా గ్లాసుడు పాలు వస్తాయి, కాఫీ కావాలంటే ‘కాఫే లాటె’ అనాలి.

ప్రశ్న: ఐస్‌లాండ్‌లో కుళ్లిన సొరచేప తింటారట. తాజా చేప ఉండగా ఎందుకీ ఖర్మ?

జవాబు: దాన్ని తాజాగా తింటేనే ప్రమాదం. అది గ్రీన్‌లాండ్ షార్క్, దాని మాంసంలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ చాలా ఎక్కువ, మన కడుపులోకి వెళ్లాక అది విషంగా మారి తాగినవాళ్లలా తూలిపోయేటట్టు చేస్తుంది. అందుకని పాతకాలంలో సముద్రం ఒడ్డున గులకరాళ్లలో లోతు తక్కువ గుంట తీసి, శుభ్రం చేసిన చేపను అందులో పెట్టి, ఇసుక కప్పి పైన బరువైన రాళ్లు పెట్టేవాళ్లు. ఆ బరువుకి లోపలి నీరంతా కారిపోతుంది, ఆరు నుంచి పన్నెండు వారాల్లో పులుస్తుంది. తర్వాత పొడుగు ముక్కలుగా కోసి గాలి ఆడే కొట్టాల్లో నెలల తరబడి వేలాడదీస్తారు. పైన కట్టిన గోధుమరంగు పెచ్చు చెక్కేసి లోపలి తెల్లటి భాగాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి పుల్లతో గుచ్చి ఇస్తారు. దాని పేరు హౌకార్ల్. ముక్క నోటిదాకా రాకముందే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగులుతుంది.

కుళ్లబెట్టారని చీదరించుకోవడం నాకు నచ్చదు. చేపను ఉప్పేసి నిల్వ చేద్దామన్నా, ఉప్పునీళ్లు మరిగించి ఉప్పు తీయడానికి సరిపడా కట్టెలు లేని దేశమది, చలికాలం దాటాలంటే దొరికినదాన్ని తినగలిగేలా చేసుకోవాలి, విషమున్న చేపను కూడా తిండిగా మార్చుకున్నారంటే వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. ఇప్పుడు రోజూ తినేదేం కాదు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగే థోర్రాబ్లోట్ విందుల్లో ప్రత్యేకంగా వడ్డిస్తారు. అన్నట్టు ఈ సొరచేపలు కనీసం 272 ఏళ్లు బతకగలవని 2016లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది.

ప్రశ్న: స్కాట్లాండ్ నుంచి అమెరికాలో ఉన్న స్నేహితుడికి హ్యాగిస్ తీసుకెళ్లొచ్చా?

జవాబు: సంప్రదాయ పద్ధతిలో చేసినదైతే కుదరదు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్స్, ఉల్లిపాయతో కలిపి పొట్ట సంచిలో కుక్కి ఉడికించేది హ్యాగిస్, ఊపిరితిత్తులను మనుషుల ఆహారంగా వాడటాన్ని అమెరికా 1971లోనే నిషేధించింది. అవి లేకుండా చేసినది అమెరికాలోనే తయారవుతుంది, మీ స్నేహితుణ్ణి అక్కడే కొనుక్కోమనండి.