దుబాయ్ పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి సెలవు అయిపోయి మళ్లీ దుబాయ్ పోతున్నాడు. శంషాబాద్‌లో ఉదయం 10:20కి ఎక్కితే అక్కడ 12:50కి దిగుతాడని టికెట్‌లో ఉంది. మొన్న వచ్చేటప్పుడేమో రాత్రి 10కి ఎక్కి, తెల్లవారుజామున 3కి దిగాడు. దారి ఒక్కటే కదా, ఇంత తేడా ఎందుకు? ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి?
– ఒక తల్లి, కోరుట్ల

జవాబు: అమ్మా, టికెట్‌లో ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12:50 అంటే మన దగ్గర మధ్యాహ్నం 2:20. అంటే మీవాడు గాల్లో ఉండేది నాలుగు గంటలు. వచ్చేటప్పుడు అక్కడి రాత్రి 10 మనకు 11:30. మూడింటికి దిగాడంటే మూడున్నర గంటల ప్రయాణమే.

గంటన్నర ఎలా వచ్చిందో కూడా చెప్తాను. సోషల్ సారుగా పిల్లలతో ఎంతో ఇష్టంగా చేయించిన లెక్క ఇది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన టైముకు ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం, వాళ్లది 60. తేడా 22.5 డిగ్రీలు. నాలుగుతో గుణించండి, సరిగ్గా 90 నిమిషాలు!

ఇంకా ఒక అరగంట తేడా మిగిలింది కదా, అది గాలి పని. దూరం రెండు వైపులా సుమారు 2,550 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిమార్గాన ఎంతో, దానికి రెండింతలు. కానీ పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గట్టిగాలి వీస్తుంది, చలికాలంలో మరీ ఎక్కువ. పోయేటప్పుడు విమానం దానికి ఎదురెక్కాలి. వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

అసలు టెన్షన్ పడాల్సింది నేల మీది ప్రయాణం గురించి. కోరుట్ల నుంచి జగిత్యాల, కరీంనగర్, సిద్దిపేట మీదుగా బస్సులో సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు, అంటే జేబీఎస్‌కు అయిదు గంటలైనా పడుతుంది. అక్కడ పుష్పక్ బస్సెక్కితే విమానాశ్రయానికి ఇంకో గంటన్నర వేసుకోండి. మూడు గంటల ముందే, అంటే 7:20కల్లా లోపల ఉండాలి. చాలా విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు, తర్వాత ఎంత బతిమాలినా తీసుకోరు. కాబట్టి ముందురోజు రాత్రి పన్నెండు లోపలే బస్సెక్కించండి. తొక్కు డబ్బా చేతి సంచిలో వద్దు, పెద్ద పెట్టెలో సర్దండి.

ఇంకొక్కటి, మన వైపు పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎప్పుడైనా టికెట్‌లో 15వ తేదీ 00:40 అని ఉంటే, అది 14వ తేదీ అర్ధరాత్రి దాటాక వచ్చే విమానం. 15 సాయంత్రం బయలుదేరితే అది వెళ్లిపోయి రోజు కావస్తుంది. 14 మధ్యాహ్నమే ఇల్లు దాటాలి.