లకోటాలు వచ్చాయా, వచ్చారా?

సందేహం: మా అమ్మాయి అమెరికాలో సౌత్ డకోటాలో చదువుతోంది. అక్కడి ఆదివాసుల గురించి తెలుగులో చదువుదామంటే ఒకచోట ‘సియోక్స్’, ఒకచోట ‘రెడ్ ఇండియన్లు’, మరోచోట ‘లకోటాలు’ అని ఉంది. లకోటా అంటే ఉత్తరం పెట్టే కవరు కదా! మనుషుల్ని అలా రాయొచ్చా?

సమాధానం: రాయొచ్చు. నన్నడిగితే అదే రాయాలి.

‘సియోక్స్’ అన్నది ఇంగ్లీషు స్పెల్లింగును కూడబలుక్కుని రాసిన రూపం. పలికేది ‘సూ’ అని. అదీ వాళ్ల సొంత పేరు కాదు. పొరుగున ఉండే ఒజిబ్వే జనం వాళ్లకు పెట్టిన పేరును ఫ్రెంచివాళ్లు తమ పద్ధతిలో రాసుకుంటే, వాడుకలో చివరికి దాని తోక మాత్రం మిగిలింది. ‘రెడ్ ఇండియన్’లో కొలంబస్ పొరపాటు ఒకటి, ఒంటిరంగు చూసి పిలవడం ఒకటి. దాన్ని ఇక వదిలేద్దాం.

వాళ్లు తమను చెప్పుకునే పేరు లకోటా. స్నేహితులు, పొత్తు కలిసినవాళ్లు అని అర్థం. తూర్పున ఉన్న వాళ్ల బంధువుల యాసలో ఇదే మాట ‘డకోటా’. మీ అమ్మాయి ఉంటున్న రాష్ట్రం పేరు అక్కడిదే. మన గోండులూ తమను కోయితూర్ అనే చెప్పుకుంటారు.

ఇక కవరు సంగతి. రెండూ ఒకేలా వినిపించే వేరు వేరు మాటలు, వాటికి ఏ చుట్టరికమూ లేదు. తికమకను మన క్రియే తీర్చేస్తుంది: ‘లకోటాలు వచ్చాయి’ అంటే ఉత్తరాలు, ‘లకోటాలు వచ్చారు’ అంటే మనుషులు. అయినా ఇబ్బంది అనిపిస్తే ‘లకోటావాళ్లు’ అనండి, హాయిగా ఉంటుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. వాళ్ల నాయకుడు సిట్టింగ్ బుల్ పేరును ‘కూర్చున్న ఎద్దు’ అని అనువదించేవాళ్లున్నారు. మనకు ఎద్దు అంటే కాడి మోసేది, విత్తులు కొట్టినది. ఆయన పేరు తతాంకా ఇయోతాకె. తతాంకా అంటే మైదానాల్లో మందలుగా తిరిగిన మగ బైసన్, అంటే అమెరికా అడవి దున్న. లకోటావాళ్లకు తిండి, గుడారం, దుప్పటి అన్నీ ఆ జంతువు నుంచే వచ్చేవి. పేరును పేరుగానే ఉంచడం మేలు.

1890 డిసెంబర్ 15న ఆయన్ను అరెస్టు చేయడానికి వెళ్లిన పోలీసులు కాల్చి చంపారు. రెండు వారాలకే, 29న, ఉండెడ్ నీ వాగు దగ్గర ఘోరం జరిగింది. దీన్నీ తెలుగులో ‘ఉండెడ్ నీ యుద్ధం’ అని రాస్తున్నారు. అది యుద్ధం కాదు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర జరిగింది యుద్ధం: అమెరికా సైనికాధికారి కస్టర్ దండెత్తి వచ్చాడు, లకోటాలు, షయెన్, అరాపహో తెగలవాళ్లు కలిసి ఓడించారు. ఉండెడ్ నీ దగ్గర అప్పటికే లొంగిపోయిన లకోటాల గుంపును అమెరికా సైన్యం చుట్టుముట్టి, తుపాకులు లాక్కుంటుండగా కాల్పులు మొదలయ్యాయి. గుట్ట మీది ఫిరంగులు గుడారాల మీద పేలాయి. లోయలోకి పరుగెత్తిన ఆడవాళ్లనూ పిల్లలనూ వెంటాడి చంపారు. తర్వాత 146 మందిని ఒకే గోతిలో పూడ్చారు. ఆ చంపడంలో పాల్గొన్న సైనికుల్లో పలువురికి అమెరికా అత్యున్నత శౌర్య పతకాలు ఇచ్చింది. దీనికి మన భాషలో మాట ఉంది, ఊచకోత. అదే రాయండి.