ఎడారిలో సైకిల్ రేస్‌కి ఈ ప్రాక్టీస్ సరిపోతుందా?

ప్రశ్న: మొరాకోలో జరిగే టైటాన్ డెజర్ట్ మౌంటెన్ బైక్ రేస్‌కి వెళ్దామనుకుంటున్నా సార్. 6 రోజులు, దాదాపు 600 కిలోమీటర్లు. రోజూ 40 కిలోమీటర్లు రోడ్డు మీద తొక్కుతా, చాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చాలదండీ. శని, ఆదివారాలు రెండ్రోజులూ వరసపెట్టి నాలుగైదు గంటలు మట్టి దారుల్లో తొక్కండి, రెండోరోజు కాళ్ళు పీకుతున్నా తొక్కడం అలవాటవ్వాలి, అసలు ప్రాక్టీస్ అదే. మనకి ఎండ కొత్త కాదు గానీ రోజంతా ఏసీలో కూర్చునే ఒంటికి అది లెక్కలోకి రాదు, అందుకే వెళ్ళేముందు 10-14 రోజులు ఎండపూట రోజూ ఓ గంట నిదానంగా తొక్కండి, చెమట త్వరగా పట్టడం మొదలై ఒళ్ళు వేడికి సర్దుకుంటుంది. ఉత్త నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగేయొద్దు, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోతే ప్రాణం మీదకొస్తుంది, ఓఆర్‌ఎస్ కూడా తాగండి, ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. టైర్లు ట్యూబ్‌లెస్ చేయించి సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపల్నించే పూడ్చే ద్రవం) పోయించండి, ఇసకలో గాలి కాస్త తగ్గిస్తే చక్రం అంతగా దిగబడదు. చైన్‌కి జిడ్డు ఆయిల్ వద్దు, ఇసకంతా పట్టేస్తది, చైన్‌కి పూసే వ్యాక్స్ (మైనం) బెటర్. అక్కడి మెర్జూగా ఊరి దగ్గర ఎర్గ్ షెబ్బీ లాంటి ఇసక దిబ్బలొస్తే ఎంతటివాళ్ళైనా దిగి తోసుకెళ్ళాల్సిందే, రేస్‌లో వేసుకునే షూస్‌తోనే ఇసకలో నడిచి చూసుకోండి.