కొత్త తేదీ బిల్లుతో సౌండ్‌బార్ కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కాజీపేట. రైల్వేలో పనిచేసి రిటైరైన మా నాన్నగారికి వినికిడి తగ్గింది. టీవీలో మాటలు స్పష్టంగా వినపడాలని 2023 అక్టోబరు 18న హనుమకొండలోని ఒక షాపులో రూ.31,500కు డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచీ శబ్దం వచ్చినట్లు వినిపించే పద్ధతి) సౌండ్‌బార్, సబ్‌వూఫర్ కొన్నాను. రూ.10,000 యూపీఐలో, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు రాస్తే ధర పెరుగుతుందన్నారు కాబట్టి ఎస్టిమేటు చీటీతో సరిపెట్టుకున్నాను. షాపు మనిషే ఇంటికి వచ్చి బిగించాడు. అక్టోబరు 22న, సద్దుల బతుకమ్మకు అక్కచెల్లెళ్లు, బావలు అందరూ ఇంట్లో ఉండగా శబ్దం ఆగిపోయింది. నలుగురిలో తల తీసేసినట్లయింది. 2024 జనవరి 9న కంపెనీ టెక్నీషియన్ వచ్చి హెచ్‌డీఎంఐ కేబుల్‌కు బదులు, శబ్దాన్ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్ వైరు పెట్టి వెళ్లాడు. మార్చి 14న 'లోపం మీ టీవీది' అని కంపెనీ మెయిల్ పంపింది. తరువాత ఎన్ని మెసేజీలు పెట్టినా ఫలితం లేదు. ఈమధ్య షాపుకు వెళితే, 'వాడటం చేతకాక మా మీద పడుతున్నావు' అని యజమాని అందరి ముందూ అవమానించాడు. చివరికి 2025 ఆగస్టు తేదీతో కొత్త బిల్లు రాసిస్తానని, దానితో మళ్లీ ఏడాది వారంటీ వస్తుందని అంటున్నాడు. మా బావమరిది మాత్రం తెలిసిన మెకానిక్‌తో బార్ విప్పించి, బోర్డు పోయిందని రాయించుకుందామంటున్నాడు. ఐదు లక్షల పరిహారానికి, పరువు నష్టానికి కేసు వేయవచ్చా? టెక్నీషియన్ ఇచ్చిన జాబ్ షీట్ (సర్వీసు చీటీ) ఫొటో జతచేస్తున్నాను.
- ఒక పాఠకుడు, కాజీపేట, 2025 సెప్టెంబరు

జవాబు: మీరు రెండు పేజీలు రాశారు. అందులో కేసును తేల్చేది ఒక్క వాక్యమే: టెక్నీషియన్ హెచ్‌డీఎంఐకి బదులు ఆప్టికల్ వైరు పెట్టి వెళ్లాడు. బతుకమ్మ నాటి అవమానం, షాపు యజమాని నోటి దురుసు వినియోగదారుల కమిషన్ ముందు నిలిచే అంశాలు కావు. పరువు నష్టం కేసు ఆలోచన ఇక్కడితో వదిలేయండి. కొనుగోలు తగాదాలో అన్న మాట పట్టుకుని క్రిమినల్ కోర్టు చుట్టూ తిరిగితే, అసలు కేసుకు మిగిలిన కొద్ది రోజులూ కరిగిపోతాయి.

ఆ వాక్యం ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఆప్టికల్ వైరులో శబ్దం వచ్చిందంటే బార్‌లోని స్పీకర్లు, ఆంప్లిఫయర్ పనిచేస్తున్నట్లే. ఇక లోపం మూడు చోట్లలో ఒకచోట ఉండాలి: టీవీ వైపు ఆర్క్ పోర్టు (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా బార్‌కు పంపే చోటు) లేదా దాని సెట్టింగ్, మధ్యలో కేబుల్, బార్ వైపు హెచ్‌డీఎంఐ బోర్డు. మీ ప్రతివాది ఎవరన్నది దీన్నిబట్టే తేలుతుంది. బోర్డు పోతే కంపెనీ, షాపు రెండూ బాధ్యులు. షాపు మనిషి తప్పు పోర్టులో బిగించి ఉంటే అది వస్తువు లోపం కాదు, షాపు చేసిన సేవాలోపం. టీవీ పోర్టు పోయి ఉంటే బార్ కంపెనీ మీద వేసిన కేసు మొదటి వాయిదాల్లోనే కూలుతుంది. ఇది తేల్చుకోకుండా ఇరవై నెలలు వాట్సాప్‌లో వేడుకుంటూ కూర్చోవడం మీ వైపు పెద్ద అశ్రద్ధ. ఒక గంట కూర్చుంటే తేలిపోయే విషయమిది.

ముందుగా టీవీ వెనుక చూడండి. హెచ్‌డీఎంఐ పోర్టులు మూడో నాలుగో ఉన్నా, సాధారణంగా ఒక్కదాని పక్కనే ఆర్క్ లేదా దాని కొత్త రూపమైన ఈఆర్క్ అని రాసి ఉంటుంది. కేబుల్ అందులోనే ఉండాలి. బార్ వైపు కూడా 'టీవీ ఆర్క్' అని రాసిన పోర్టే కావాలి. కొన్ని మోడళ్లలో పక్కనే ఇన్‌పుట్ పోర్టు ఉంటుంది, దానికి పెడితే టీవీ శబ్దం రాదు. తరువాత టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. సౌండ్ అవుట్‌పుట్ టీవీ స్పీకర్ మీద ఉంటే ఆర్క్‌కు మార్చండి. అయినా పలకకపోతే డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని మామూలు శబ్ద రూపానికి) మార్చి చూడండి. టీవీ, బార్ రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. చాలా ఇళ్లలో ఇంతటితోనే బార్ పలుకుతుంది.

ఇవన్నీ చేసినా మూగగానే ఉంటే కొత్త హెచ్‌డీఎంఐ కేబుల్ కొని, బార్‌ను ఆర్క్ ఉన్న మరో టీవీకి కలపండి. బంధువుల ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకటి దొరుకుతుంది. వేరే టీవీతో, కొత్త కేబుల్‌తో కూడా పలకకపోతే లోపం బార్‌దే. పలికితే అనుమానం మీ పాత కేబుల్ మీద, మీ టీవీ మీద. అప్పుడు కొత్త కేబుల్‌తో మీ టీవీకి మళ్లీ కలిపి చూస్తే ఆ రెండింటిలో ఏదో కూడా తెలుస్తుంది.

ఈ పరీక్ష మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. బార్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, పోర్టు మీది అక్షరాలు, టీవీ సెట్టింగుల తెర, ఆప్టికల్‌లో శబ్దం రావడం, ఆర్క్‌లో రాకపోవడం అన్నీ అందులోనే కనిపించాలి. ముక్కలు ముక్కలుగా తీసిన వీడియోను ఎదుటి న్యాయవాది ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టిస్తాడు. వాట్సాప్‌లో పంపుకుంటే ఫైలు కుదించుకుపోతుంది, కాబట్టి అసలు ఫైలును ఫోనులో అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద, దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం ఉంటుంది. వినియోగదారుల కమిషన్ సాక్ష్యాన్ని సివిల్ కోర్టు అంత కఠినంగా చూడకపోయినా ఆ ధ్రువపత్రం జతచేయండి. యూపీఐ స్టేట్‌మెంటు, షాపుతో, కంపెనీతో నడిచిన మెసేజీలకూ అదే పద్ధతి.

ఇప్పుడు జాబ్ షీట్. మీ దగ్గరున్న కాగితాల్లో బంగారం లాంటిది ఇదే, దాన్ని మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కతో వదిలేశారు. అందులో సీరియల్ నంబరు ఉంది. కొన్న తేదీ 18-10-2023 అని ఉంది. 'వారంటీలో' అన్న గడిలో టిక్కు ఉంది. 'ఆప్టికల్‌లో ఆడియో వస్తోంది, ఆర్క్‌లో రావడం లేదు, టీవీ సెట్టింగ్ చూసుకోవాలి' అని టెక్నీషియన్ సొంత చేతితో రాశాడు. అంటే మీరు ఎప్పుడు కొన్నారో, వారంటీ ఉందో లేదో కంపెనీయే ఒప్పుకుంది, లోపం వారంటీ గడువులోనే బయటపడిందనీ అక్కడే తేలింది. బిల్లు లేదన్న మీ భయం దీనితో సగం తీరింది. మిగతా సగానికి యూపీఐ స్టేట్‌మెంటు, ఎస్టిమేటు చీటీ ఉన్నాయి. బిల్లు ఇవ్వకుండా అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వాణిజ్య విధానం. బిల్లు లేకపోవడాన్ని మీ మీద వాదనగా వాడుకునే హక్కు షాపుకు లేదు. కానీ కొంత డబ్బు మిగులుతుందని బిల్లు వద్దనుకున్నది మీరే. ఫిర్యాదులో దీన్ని దాచకుండా ఉన్నదున్నట్లు రాయండి.

అదే జాబ్ షీట్ కింద 'సమస్య పరిష్కారమైంది' అని అచ్చువేసిన చోట మీ సంతకం కూడా ఉంది. ఎందుకు పెట్టారు? చదవకుండా సంతకం చేసే అలవాటు ఎన్ని మంచి కేసులను మింగిందో చెప్పలేను. టెక్నీషియన్ తొందర పెట్టినా, అదే కాగితం మీద 'ఆర్క్ ఇంకా పనిచేయడం లేదు' అని ఒక్క వాక్యం రాసే హక్కు మీకుంది. అదృష్టవశాత్తూ పైన అతను రాసిన మాట కింది అచ్చుకు విరుద్ధంగా ఉంది. చేతితో రాసినదాన్ని నమ్మాలని అఫిడవిట్‌లో వివరించి, జనవరి తరువాత మీరు పంపిన మెసేజీలను తేదీల వారీగా జతచేయండి.

'ఆప్టికల్‌లో పనిచేస్తోంది కదా, లోపం ఎక్కడిది?' అని కంపెనీ తప్పకుండా అడుగుతుంది. జవాబు సెక్షన్ 2(10)లో ఉంది. చట్టం నిర్దేశించిన ప్రమాణానికి తగ్గితేనే లోపం అనుకోకండి. అమ్మకందారు ఏ రూపంలో చెప్పుకున్న నాణ్యతకు తగ్గినా అది లోపమే. మీరు కొన్నది డాల్బీ అట్మాస్ బార్. ఓటీటీ యాప్‌ల నుంచి వచ్చే అట్మాస్ శబ్దాన్ని ఆప్టికల్ వైరు మోయలేదు, దానికి ఆర్క్ కావాలి. కాబట్టి ఆప్టికల్‌కు మార్చి పంపడమంటే, మీరు డబ్బు కట్టిన సదుపాయాన్ని తీసేసి తక్కువదానితో సరిపెట్టడమే. ఈ వాదనకు పెట్టె మీది అచ్చు ఆధారం. ఆ పెట్టెను పాత సామాన్లవాడికి వేశారని రాశారు. వారంటీ ఉన్నంతకాలం పెట్టె దాచుకోవడం ఇంటికి అంత బరువా? ఇప్పుడైనా అదే మోడల్ యూజర్ మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైటు నుంచి తీసుకుని, ఆర్క్, అట్మాస్ గురించి ఉన్న పేజీలు ముద్రించి పెట్టండి.

ఇక షాపు యజమాని చూపిస్తున్న అడ్డదారి. 2025 ఆగస్టు తేదీ బిల్లును చేతితో కూడా ముట్టుకోవద్దు. మీ మీద దయతలచి ఇస్తున్నాడని అనుకుంటున్నారు. ఆ కాగితం తీసుకున్న క్షణం నుంచి 2023లో బిల్లు లేకుండా అమ్మిన తప్పు అతని మీద నుంచి జారిపోతుంది, అబద్ధపు పత్రం మాత్రం మీ చేతిలో మిగులుతుంది. 2025 ఆగస్టులో కొన్న బార్‌ను 2024 జనవరిలో టెక్నీషియన్ ఎలా చూశాడు? యూపీఐ డబ్బు 2023 అక్టోబరులో ఎందుకు వెళ్లింది? ఈ రెండు ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండదు. జాబ్ షీట్ అనే నిజమైన బలాన్ని మీ చేతితోనే చంపుకున్నట్లవుతుంది. పైగా కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అక్కడ తెలిసి తప్పుడు సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ముప్పై ఒక్క వేల వస్తువు కోసం అంత దూరం పోవద్దు. షాపు యజమాని ఆ మాట మెసేజిలో పెట్టి ఉంటే మాత్రం చెరపకండి, అది మీకు పనికొచ్చే సాక్ష్యం.

మీ బావమరిది సలహా కూడా వద్దు. మెకానిక్ ఒక్క స్క్రూ విప్పినా 'బయటివాళ్లు తెరిచారు' అన్న వాదన కంపెనీకి చేతికందుతుంది. లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 38 కింద కమిషన్ తానే వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు. 45 రోజుల్లో నివేదిక రావాలని చట్టం చెబుతోంది. ఆ రుసుము మీరే కట్టాల్సి రావచ్చు, దానికి సిద్ధపడండి. అప్పటికే విప్పిన బార్ అయితే, లోపం మొదటి నుంచీ ఉందా, విప్పినప్పుడు వచ్చిందా అన్నది ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

మిగిలిందల్లా కాలం, నన్ను నిజంగా కలవరపెడుతున్నది అదే. అదే చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన ఘటన) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు చేయాలి. చివరి మెసేజి పంపిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని మీరు రాశారు. కాదు. మీరు ఎన్ని మెసేజీలు పెట్టినా, ఎన్ని నోటీసులు ఇచ్చినా గడువు పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసినా గడువు ఆగదు. కంపెనీ నిరాకరించిన 2024 మార్చి 14 నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. శబ్దం ఆగిన 2023 అక్టోబరు 22 నుంచే లెక్కించాలని వాళ్లు వాదిస్తారు. వివాదానికి తావు లేని తేదీ పట్టుకోండి: 2025 అక్టోబరు 21 లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఈలోగా దసరా సెలవులు వస్తాయి, కాబట్టి వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయండి. ఏ కారణంగానైనా ఆ తేదీ దాటితే, ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తును రోజులవారీ కారణాలతో ఫిర్యాదుతో పాటే పెట్టాలి. అది కమిషన్ విచక్షణ, మీ హక్కు కాదు.

ముందస్తు లీగల్ నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు. ఇచ్చే పక్షంలో షాపుకు, కంపెనీకి పది రోజుల గడువుతో రేపే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు దాచండి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కాజీపేట హనుమకొండ జిల్లాలో ఉంది కాబట్టి అక్కడి పరిధిలోనే దాఖలు చేయండి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. పరీక్షలో లోపం బార్‌దని తేలితే షాపును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, బార్ మార్చి ఇవ్వాలని, కాకపోతే రూ.31,500 వడ్డీతో తిరిగి ఇవ్వాలని కోరండి. మానసిక వేదనకు, ఖర్చులకు న్యాయమైన మొత్తం అడగండి. ఐదు లక్షలు అడగవద్దు. ఆ అంకె చూడగానే మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం సడలుతుంది.

తప్పు బిగింపుదని తేలితే షాపు ఒక్కటే ప్రతివాది, అడగాల్సింది సరిగా బిగించి ఇవ్వడం, పరిహారం. లోపం టీవీ ఆర్క్ పోర్టుదైతే బార్ మీద కేసు వద్దు. టీవీకి మూడేళ్ల వారంటీ ఉందని రాశారు కదా, ఆ గడువు ఇంకా ఉంటే ఇదే వీడియోతో టీవీ కంపెనీకి వెంటనే రాతపూర్వక ఫిర్యాదు పంపండి. ఈసారి వాళ్లు ఇచ్చే జాబ్ షీట్ మొత్తం చదివాకే సంతకం పెట్టండి.