ఛార్జ్ ఆర్డరింగ్ కనబడితే మాగ్నెటోఎలక్ట్రిక్ అనేయవచ్చా?

లుటీషియం ఐరన్ ఆక్సైడ్ పెల్లెట్‌కి (పొడిని నొక్కి చేసిన బిళ్ళకి) డైఎలక్ట్రిక్ విలువ, అంటే ఛార్జ్‌ని ఎంత నిలుపుకోగలదో చెప్పే అంకె, వేలల్లో వచ్చిందన్నారు. ఛార్జ్ ఆర్డరింగ్ (అయాన్ల ఛార్జ్‌లు ఒక క్రమంలో సర్దుకోవడం) వల్లే పోలరైజేషన్ (ప్లస్, మైనస్ ఛార్జ్‌లు చెరో వైపుకి జరగడం) పుట్టిందనీ, కాబట్టి ఇది మాగ్నెటోఎలక్ట్రిక్ (అయస్కాంత క్షేత్రంతో పోలరైజేషన్, విద్యుత్ క్షేత్రంతో అయస్కాంతత్వం మారేది) అనీ రాసేయవచ్చా అని అడిగారు. దయచేసి తొందరపడకండి. ఇదే పదార్థంతో నేను ఏడాది పోగొట్టుకున్నాను.

మాది కోనసీమ. చిన్నప్పుడు అంతర్వేది తీరాన నల్ల ఇసుకలో అయస్కాంతం దొర్లిస్తే మీసాల్లా అంటుకునేవి మాగ్నెటైట్ అనే ఇనుము ఆక్సైడ్ రేణువులు. అందులో రెండు ప్లస్, మూడు ప్లస్ ఛార్జ్ ఉన్న ఇనుము అయాన్ల మధ్య ఎలక్ట్రాన్లు గెంతుతుంటాయి. సుమారు 120 కెల్విన్‌కి చల్లబరిస్తే ఎక్కడివక్కడ సర్దుకుంటాయి, విద్యుత్ నిరోధం దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. శాస్త్రవేత్త వెర్వే 1939లో చెప్పిన ఛార్జ్ ఆర్డరింగ్ ఇదే.

కానీ సర్దుకోవడం వేరు, పోలరైజేషన్ వేరు. రెండు రకాల అయాన్లనీ చెట్లనుకుందాం: మా తోటలో ఒక పొడుగు దేశవాళీ కొబ్బరి, ఒక పొట్టి గంగబొండం, మళ్ళీ దేశవాళీ... ఇలా సమాన దూరంలో నాటిన వరస అనుకోండి. ఏ చెట్టు దగ్గర నిలబడినా కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి. ఎత్తుల్లో ఎంత తేడా ఉన్నా వరసకి దిక్కు రాదు. చెట్ల మధ్య ఎడం కూడా మారి జతలు జతలుగా దగ్గరైతే, ప్రతి జతలోనూ పొడుగు చెట్టు ఒకే వైపు పడుతుంది. అప్పుడు వరసకి దిక్కు వస్తుంది. పోలరైజేషన్‌కి కావలసింది అదే.

మీ పదార్థంలో సుమారు 320 కెల్విన్ దగ్గర ఛార్జ్ ఆర్డరింగ్ వస్తుంది. దానివల్ల ఫెర్రోఎలక్ట్రిక్ (దానంతటదే పోలరైజేషన్ ఉండి, విద్యుత్ క్షేత్రంతో దాని దిక్కు తిప్పగలిగేది) అవుతుందని 2005లో వచ్చిన పేపర్ చదివే నేనూ దిగాను. నాకూ వేలల్లోనే వచ్చింది, ఎంత సంబరపడ్డానో! తరువాత పెల్లెట్‌ని అరగదీసి మందం సగం చేశాను. విలువ కూడా సగానికి పడిపోయింది. పదార్థం సొంత గుణమైతే మందంతో మారకూడదు కదా. నేను కొలిచింది ఎలక్ట్రోడ్‌గా పూసిన సిల్వర్ పేస్ట్ కింద పేరుకున్న ఛార్జ్‌ని. 2012లో స్ఫటిక నిర్మాణం మీద వచ్చిన పనిలోనూ పొరలకి ఛార్జ్ ఉందనీ, మొత్తం అమరికకి మాత్రం పోలరైజేషన్ లేదనీ తేలింది.

ఇంకో మాట. మాగ్నెటోఎలక్ట్రిక్ గుణానికి ఛార్జ్ ఆర్డరింగ్ తప్పనిసరి కాదు. క్రోమియం ఆక్సైడ్‌లో అది లేనే లేదు. అయినా దాని స్పిన్ల (అయాన్లలోని బుల్లి అయస్కాంతాల) అమరికలోని సౌష్ఠవం చూసి అందులో ఈ గుణం ఉంటుందని శాస్త్రవేత్త జ్యాలోషిన్‌స్కీ 1959లో ఊహించాడు, ఆస్త్రోవ్ 1960లో కొలిచి చూపించాడు.

ముందు మందం మార్చండి, సిల్వర్ బదులు గోల్డ్ ఎలక్ట్రోడ్ వేసి చూడండి. గ్రెయిన్ బౌండరీల (పెల్లెట్‌లోని స్ఫటిక రేణువుల మధ్య సరిహద్దుల) దగ్గర పేరుకునే ఛార్జ్ సంగతి మందంతో బయటపడదు, దానికి ఇంపీడెన్స్ స్పెక్ట్రోస్కోపీ (వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర ఏసీ కరెంటుకి నిరోధాన్ని కొలవడం) చేయాల్సిందే. మీ పెల్లెట్ మందం, ఫ్రీక్వెన్సీ ఎంతో రాయండి, కలిసి చూద్దాం.