గుడి పక్కన చెరువు ఎందుకు?

ప్రశ్న: నల్లగొండ దగ్గరి పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం. లింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ కంటే, దగ్గర్లోని ఉదయసముద్రం చెరువే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆనాటి రాజులు చెరువులు కట్టించింది భక్తితోనా, అవసరంతోనా?

జవాబు: రెంటినీ విడదీసి చూడటం మన కాలపు అలవాటు. పానగల్లును ఏలిన కందూరు చోడుల కాలంలో చెరువు కట్టించడం సప్తసంతానాల్లో ఒకటి, అంటే కొడుకును కన్నంత పుణ్యం. అయితే ఆ పుణ్యం కింద ఉన్నది రాతినేల. వాన తక్కువ, గ్రానైటు పొరల్లో ఇంకి నిలిచే నీరు ఇంకా తక్కువ కాబట్టి, పారే వాననీటికి కట్ట అడ్డం వేయనిదే వరి పండదు. కట్ట వేస్తే సరిపోదు, ఏటా కాపాడుకోవాలి; అందుకే చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం పేరిట భూమి ఇచ్చేవారు, మడులకు నీరు వదిలే పని నీరటికాడు చూసేవాడు. శాసనాల్లో రాజుల పేర్లు, బిరుదులు బారెడు ఉంటాయి గానీ, మట్టితట్టలు మోసినవారి పేర్లు వెతికినా దొరకవు. కట్ట మీద పసుపు కుంకుమలతో రాయిగా వెలసిన కట్టమైసమ్మను మాత్రం ఊరంతా ఎరుగును. కట్ట తెగుతుందేమోనన్న భయమే ఆమెను అక్కడ నిలిపిందని నా అభిప్రాయం. ఉదయసముద్రానికి ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా చెరువు నిండి అలుగు పారిన ఏడాది మైసమ్మకు యాటను కోసే ఊళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి.