పాత వీల్ హార్స్ ట్రాక్టర్ గేర్‌బాక్స్: మార్చాలా, విప్పి బాగుచేయాలా?

మీరు అడిగింది ఇదీ: 1970ల నాటి వీల్ హార్స్ ఎనిమిది స్పీడ్ల గార్డెన్ ట్రాక్టర్. లోడు పడగానే రెండో గేరు న్యూట్రల్‌లోకి దూకేస్తోంది, డ్రెయిన్ చేస్తే ఆయిల్ పాలలా తెల్లగా వచ్చింది. వేరే బండి నుంచి తీసిన గేర్‌బాక్స్ ఒకటి దొరికింది. దాన్ని అలాగే ఎక్కించేయాలా, ఉన్నదాన్ని రీబిల్డ్ చేయాలా?

దొరికినదాన్ని విప్పకుండా మాత్రం ఎక్కించకండి. రెండూ విప్పి, రెండింట్లో బాగున్న భాగాలు ఏరి ఒక గట్టి గేర్‌బాక్స్ కట్టుకోండి. ఏళ్ల తరబడి బయట పడి ఉన్న గేర్‌బాక్స్‌లోకి గేరు లివర్ అడుగున ఉండే రబ్బరు తొడుగు (బూటు) చిరుగు నుంచి నీళ్లు దిగి ఉంటాయి. మీ ఆయిల్ తెల్లబడటానికీ ఎక్కువగా కారణం ఆ బూటే. అది కొత్తది వేయకపోతే ఎంత బాగా కట్టినా మళ్లీ అదే కథ.

విప్పేముందు బయటి తప్పులు తేల్చేయండి. గేరు దూకడానికి లోపలి అరుగుదలే కారణం కానక్కర్లేదు. లివర్ సీటు కింది రేకుకు తగులుతుంటే గేరు పూర్తిగా పడదు, సగం పళ్ల మీదే నడుస్తుంది, లోడు రాగానే జారిపోతుంది. లివర్ టవర్ పక్కన లాక్ నట్‌తో ఒక బోల్టు ఉంటుంది, దాని మొన లివర్ గుండులోని గాడిలో కూర్చోవాలి. ఆ మొన అరిగితే లివర్ గుండ్రంగా తిరిగిపోయి ఏ రైలునూ (గేర్లను జరిపే ఫోర్క్ ఉండే కడ్డీని) సరిగ్గా పట్టదు. బోల్టును లోపలికంటా బిగించి, లివర్ స్వేచ్ఛగా కదిలేంతవరకే వెనక్కి విప్పి, లాక్ నట్ బిగించండి. గేరు వేసేటప్పుడు గరగరమంటుంటే బెల్టు వైపు చూడండి. క్లచ్ తొక్కాక కూడా బెల్టు పుల్లీని తిప్పుతూనే ఉంటే ఎంత మంచి గేర్‌బాక్సైనా అరుస్తుంది. బెల్టు గైడ్లు సరిచేస్తే చాలాసార్లు అక్కడితో పని తీరిపోతుంది. ఇందులో సింక్రో (గేర్ల వేగాలు కలిపే అమరిక) లేదు, పళ్ల చక్రాలే జరిగి కలుస్తాయి కాబట్టి బండి ఆపే గేరు మార్చాలి.

ఇవన్నీ బాగుండి ఇంకా దూకుతుంటే అప్పుడు విప్పాల్సిందే.

గేర్‌బాక్స్ బండికి ఉండగానే హబ్బులు, అంటే యాక్సిల్ చివర చక్రం బిగించే దిమ్మలు, తీయండి, బండి బరువు మీకు సాయపడుతుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మకండి. హబ్ సెట్ స్క్రూ తీశాక ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి, కింద ఇంకో స్క్రూ ఉండొచ్చు. దాన్ని గమనించకుండా పుల్లర్ బిగిస్తే యాక్సిల్ మీద గీత పడుతుంది, లేదా హబ్ పగులుతుంది. హబ్ బయటకు కనిపిస్తున్న యాక్సిల్ తుప్పును ఎమరీ కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. తర్వాత హబ్ బోల్టు రంధ్రాలకు మందపాటి ఇనుప పలకతో పుల్లర్ కట్టి బిగించండి. రాకపోతే ఇంకా బిగించవద్దు. ఆ బిగువులోనే ఉంచి హబ్‌ను మాత్రం వేడి చేసి, పక్కల సుత్తితో తట్టండి. ఠప్పుమని వదులుతుంది. వేడికి ఆ చివరి ఆయిల్ సీల్ పాడవుతుంది, ఎలాగూ మార్చేదే కదా. యాక్సిల్ చివర మాత్రం సుత్తితో కొట్టకండి. చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ దెబ్బ లోపల డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల గుత్తిలో) యాక్సిల్‌ను పట్టుకున్న స్నాప్ రింగ్ మీద పడుతుంది.

దొరికిన గేర్‌బాక్స్‌కు మీ హబ్బులు సరిపోతాయో లేదో ఇప్పుడే కొలవండి. ఈ గేర్‌బాక్సుల్లో యాక్సిల్ 1 అంగుళం, అంటే 25.4 మి.మీ. ఉన్నవీ, 1⅛ అంగుళం, అంటే 28.6 మి.మీ. ఉన్నవీ ఉన్నాయి. ఒకదాని హబ్ ఇంకోదానికి పట్టదు, కాబట్టి హబ్బులు గేర్‌బాక్స్‌తో పాటే తీసుకోవాలి. ఇన్‌పుట్ పుల్లీ వ్యాసం, బ్రేక్ డ్రమ్, లివర్ల వంపు కూడా పోల్చి చూడండి. పుల్లీ సైజు మారితే స్పీడు మారుతుంది, బెల్టు పొడవు కూడా మారుతుంది. విడిభాగాల కోసం టోరో పేరు మీద వెతకండి. 1986లో వీల్ హార్స్‌ను కొన్నది ఆ సంస్థే, పాత మాన్యువల్స్ అక్కడే దొరుకుతాయి.

ఇక కేసు, అంటే గేర్‌బాక్స్ బయటి ఇనుప పెట్టె. ఆయిల్ మొత్తం దింపి, బయటి మట్టి కడిగేయండి. యాక్సిళ్ల మీదా ఇన్‌పుట్ షాఫ్ట్ మీదా కీవే (కీ అనే చిన్న ఇనుప ముక్క కూర్చునే గాడి) అంచుల్లో లేచిన గరుకును ఆకురాయితో తీసి నున్నగా చేయండి. ఈ పని వదిలేస్తే కేసు లాగేటప్పుడు ఆ గరుకు బేరింగ్‌ను గీరేస్తుంది. బ్రేక్ డ్రమ్, పుల్లీ తీసి, బ్రేక్ వైపు కిందికి వచ్చేలా, కింది యాక్సిల్ బల్ల రంధ్రంలోకి దిగేలా పడుకోబెట్టండి. బోల్టులన్నీ తీసి మెత్తని సుత్తితో కేసు చుట్టూ తట్టి, పై సగాన్ని నిటారుగా ఎత్తండి. అతుకులోకి స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించారంటే ఆ గీత దగ్గర జీవితాంతం ఆయిల్ కారుతుంది. ఎత్తేటప్పుడు థ్రస్ట్ వాషర్లు (షాఫ్ట్ చివర్ల ఉండే పలచని వాషర్లు) ఆయిల్ జిగురుకు పై సగానికి అతుక్కుని వచ్చేస్తాయి. ఏది ఏ షాఫ్ట్‌దో చూసుకుని, తీసిన ప్రతి పొరనూ ఫోటో తీసుకోండి.

షిఫ్ట్ రైళ్లు లాగేటప్పుడు పైన గుడ్డ కప్పండి. రెండు రైళ్ల మధ్య రంధ్రంలో అటో బాల్, ఇటో బాల్, మధ్యలో స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ లోపల ఒక సన్నని పిన్ను ఉంటాయి. రైలు జారగానే బాల్ తూటాలా ఎగురుతుంది. తిరిగి కట్టేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఆ పిన్నునే. అది లేకపోతే రెండు రైళ్లూ ఒకేసారి కదిలి, రెండు గేర్లు ఒకేసారి పడి, గేర్‌బాక్స్ బిగుసుకుపోతుంది. గేరు దూకడానికి జవాబు కూడా ఈ చుట్టుపక్కలే దొరుకుతుంది: ఫోర్క్ మొనలు ఒక పక్కకు అరిగాయా, రైలు మీద బాల్ కూర్చునే గాడి అంచు గుండ్రబడిందా, స్ప్రింగ్ మెత్తబడిందా, రెండో గేరు పళ్ల చివరలు వాలుగా అరిగాయా. పళ్లు అలా అరిగితే కొత్త స్ప్రింగ్ వేసినా నిలవదు. ఆ గేరునూ, దానితో కలిసే గేరునూ జంటగా రెండో గేర్‌బాక్స్ నుంచి తెచ్చుకోండి. కేసు సగాలను మాత్రం కలపకండి, ఒక కేసు రెండు సగాలూ కలిసే ఉండాలి.

డిఫరెన్షియల్ బోల్టులను తప్పకుండా చూడండి. ఇవి వదులై తలలు బయటికి వచ్చి, తిరిగినప్పుడల్లా కేసు లోపలి గోడను గీరుతాయి. చక్రం తిరిగేకొద్దీ టక్ టక్ అనే చప్పుడు దీనిదే. కేసులో గుండ్రటి గీత కనిపిస్తే బోల్టులు కొత్తవి, అదే గ్రేడువి వేసి, దారాలు శుభ్రం చేసి, దారాలకు గట్టిగా పట్టే లాకింగ్ ద్రవం రాసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. డిఫరెన్షియల్ ఎండ్ క్యాప్‌లో (చివరి మూతలో) వెంట్రుక పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో వెతకండి.

బేరింగ్ నంబర్లు వాటి మీదే కొట్టి ఉంటాయి. నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి రోలర్లవి) తీసేముందు అవి ఎంత లోతులో ఉన్నాయో కొలిచి రాసుకుని, కొత్తవాటిని నంబరు ఉన్న వైపు నుంచే నొక్కండి. రెండో వైపు నొక్కితే పలచని అంచు నలిగి సూదులు బిగుసుకుంటాయి. ఆయిల్ సీల్ పెదవి లోపలికి, ఆయిల్ వైపు ఉండాలి. షాఫ్ట్ మీద పాత సీల్ గాడి పడి ఉంటే, చోటుంటే కొత్తదాన్ని ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ కూర్చోబెట్టండి. సీల్ ఎక్కించేటప్పుడు కీవే మీద టేపు చుట్టండి.

మూసేటప్పుడు సిలికోన్ ఒక్కటే పూసి సరిపెట్టకండి. కాగితపు గ్యాస్కెట్ మందమే షాఫ్ట్‌ల ఎండ్ ప్లేను (పొడవునా కాస్త కదలడానికి ఉండే సందును) నిర్ణయిస్తుంది, అది లేకపోతే లోపల అన్నీ ఒత్తుకుంటాయి. థ్రస్ట్ వాషర్లను గ్రీజుతో అతికించి పై సగాన్ని దింపండి. రెండు సగాలూ చేతి ఒత్తిడితోనే కలవాలి. సందు ఉందని బోల్టులతో లాగితే పోత ఇనుప చెవి విరుగుతుంది. ఏ వాషరో జారిందన్నమాట, మళ్లీ ఎత్తి చూడండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ప్రతి విడతకూ న్యూట్రల్‌లో ఇన్‌పుట్ షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పండి. బిగుతు మొదలైతే అక్కడే ఆగండి. ఆరు ముందు గేర్లు, రెండు రివర్సులు బల్ల మీదే వేసి చూడండి. ప్రతి గేరులోనూ యాక్సిళ్లు తిరగాలి. ఇన్‌పుట్‌ను కదలకుండా పట్టి గేరులో ఉంచి ఒక యాక్సిల్ తిప్పితే రెండోది ఎదురు తిరగాలి.

80డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ దాదాపు 1.9 లీటర్లు పడుతుంది. డిప్‌స్టిక్ గానీ లెవెల్ ప్లగ్ గానీ చూసి సరిచేయండి. హబ్బులకు కొత్త వుడ్‌రఫ్ కీలు, సెట్ స్క్రూలు వేయండి. గంటసేపు పని చేయించాక ఆ స్క్రూలను మళ్లీ బిగించండి, అవి మొదట్లో కచ్చితంగా సడలుతాయి. మొదటి కొన్ని గంటలు నడిచాక ఆయిల్ వేడిగా ఉండగానే దింపి ఒక గిన్నెలో చూడండి. వెండి పొడిలా మెరిస్తే భయం లేదు. ముక్కలు చేతికి తగిలితే మళ్లీ తెరవాలి.